మనకు దక్షిణాన, మనుషుల్లేని దీవి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మిత్రులు బడి జ్ఞాపకాలు చెబుతున్నారు. నవ్వుకున్నాం, కళ్లు తుడుచుకున్నాం. నాకు మాత్రం నిర్వాహకులు వేరే పని అప్పజెప్పారు. ఇప్పుడు చదువుతున్న పిల్లలు కూడా కూర్చుంటారు కాబట్టి, వాళ్లకు పనికొచ్చే విషయం ఒకటి చెప్పమన్నారు. నేను ఇంజినీరును, భూగోళ శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా ఇవాళ భూగోళ పాఠమే చెప్తాను. తప్పు దొర్లితే సరిదిద్దడానికి మా సార్లు ముందు వరుసలోనే ఉన్నారు.

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు దేశదేశాల సరుకుల మీద సుంకాలు ప్రకటించారు. ఆ జాబితాలో హర్డ్, మెక్‌డోనాల్డ్ దీవులు అనే పేరు కూడా ఉంది. వాటికి 10 శాతం సుంకం పడింది. ఆ దీవుల్లో మనిషి అనేవాడు లేడు. ఉన్నవి పెంగ్విన్లు, సీళ్లు. పెంగ్విన్లు సుంకం కట్టడానికి వరుసలో నిలబడ్డట్టు బొమ్మలు మన ఫోన్లకు కూడా వచ్చాయి. అందరం నవ్వి, ఆ బొమ్మను ఇంకొకరికి పంపి మరిచిపోయాం. ఆ దీవి ఎక్కడుందో చూద్దామని నేను పటం తెరిచాను. చూస్తే అది దాదాపు మనకు నేరుగా దక్షిణాన ఉంది. అందుకే ఈ పాఠం.

రేఖ పట్టుకొని పోదాం

మహబూబ్‌నగర్ రేఖాంశం ఇంచుమించు 78 డిగ్రీల తూర్పు. నల్లగొండది 79 దాటి పావు డిగ్రీ. పాలమూరు నుంచి ఆ 78వ రేఖ పట్టుకొని కుడికీ ఎడమకూ తిరగకుండా దక్షిణానికి పోదాం. కృష్ణ దాటుతాం. కర్నూలు వస్తుంది. ఇంకా పోతే మదురై, ఆ తర్వాత తూత్తుకుడి. అక్కడ నేల అయిపోతుంది. శ్రీలంక ఎడమ పక్కన ఉండిపోతుంది. ఇక మన ముందున్నదంతా నీళ్లే. భూమధ్యరేఖ దాటుతాం. పాలమూరు నుంచి 6,000 కిలోమీటర్లు పోయాక, మన రేఖకు కొంచెం పడమరగా, ఆమ్‌స్టర్‌డామ్, సెయింట్ పాల్ అనే రెండు చుక్కలంత దీవులు వస్తాయి. రెండూ ఫ్రాన్స్ దేశానివి. వాటిని దాటితే మళ్లీ నీళ్లే. 53వ దక్షిణ అక్షాంశం చేరాక, మన రేఖకు 300 కిలోమీటర్లు పడమరగా హర్డ్ దీవి కనిపిస్తుంది. పాలమూరు నుంచి దానికి సుమారు 7,750 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి లండన్‌కు ఎంత దూరమో అంత. లండన్‌కు రోజూ విమానం ఉంది. హర్డ్‌లో విమానం దిగే చోటు లేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి చూసినా 4,000 కిలోమీటర్ల పైనే, ఓడ మీదే పోవాలి.

ఇంకా దక్షిణానికి పోతే అంటార్కిటికా తీరం. మన 78వ రేఖ ఆ తీరాన్ని తాకే చోట ఆస్ట్రేలియా వాళ్ల డేవిస్ పరిశోధన కేంద్రం ఉంది. దానికీ మహబూబ్‌నగర్‌కూ రేఖాంశంలో తేడా లేదనే చెప్పాలి. దానికి నైరుతిగా వంద కిలోమీటర్ల దూరంలో మన దేశం 2012లో మొదలుపెట్టిన భారతి కేంద్రం ఉంది. మనం ఎండలో కూర్చొని ఇక్కడ సభ చేసుకుంటుంటే, అదే సూర్యుడు అదే మధ్యాహ్నం అక్కడా నడిమింటికి వస్తాడు. హర్డ్ దీవికి మన తర్వాత 18 నిమిషాలకు మధ్యాహ్నం అవుతుంది. పొద్దు ఒకటే అయినా కాలం మాత్రం తిరగబడి ఉంటుంది. మనకు సంక్రాంతి చలి ఉన్నప్పుడు వాళ్లకు వేసవి. వాళ్లకు అన్నాను గానీ అక్కడ ఎవరూ లేరు. పెంగ్విన్లకు అనుకోండి.

దీవి స్వరూపం

హర్డ్ దీవి వైశాల్యం 368 చదరపు కిలోమీటర్లు. దాదాపు గుండ్రని పళ్లెం లాగా పాతిక కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. వాయవ్యంలో ఒక చిన్న ద్వీపకల్పం, తూర్పు కొసన సముద్రంలోకి సాగిన పొడుగాటి ఇసుక దిబ్బ ఉంటాయి. పళ్లెం మధ్య నుంచి లేచిన పర్వతం పేరు బిగ్ బెన్. దాని కొసన మాసన్ శిఖరం, 2,745 మీటర్లు. ఆస్ట్రేలియా ఖండంలో ఎత్తయిన కోషియస్కో శిఖరం 2,228 మీటర్లే. తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోయేలోపే నేల అంత ఎత్తుకు లేస్తుంది.

ఆ పర్వతం అగ్నిపర్వతం, ఇప్పటికీ బతికే ఉంది. 2016 జనవరి చివర్లో అటుగా పోయిన ఆస్ట్రేలియా పరిశోధన ఓడ మీది శాస్త్రజ్ఞులు శిఖరం నుంచి లావా మంచు మీదుగా జారడం కళ్లారా చూశారు. పైన మంచు, లోపల నిప్పు. పక్కనే నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మెక్‌డోనాల్డ్ దీవి 1990లలో పేలి, లావా పేరుకొని రెండింతలైంది. మన కాలంలో పెరిగిన దీవి అది.

మన గుట్టలతో పోల్చి చూడండి. నల్లగొండ పక్కన లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట గ్రానైటు గుట్టలు. మన ప్రాంతంలోని ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. బిగ్ బెన్ ఎక్కువ భాగం గత పది లక్షల ఏళ్లలో పేరుకున్న లావా. మన రాయి ముందు అది నిన్న పుట్టిన పసిబిడ్డ. పాత పాలమూరు జిల్లా వాయవ్యపు అంచున కొడంగల్ వైపు నల్లరేగడి నేలలు ఉన్నాయి చూడండి, ఆ నేల కింద ఉన్నది కూడా లావా రాయే. దానికి 6 కోట్ల 60 లక్షల ఏళ్లు. దక్కను లావా పారినప్పుడు అక్కడ ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోవాలంటే ఇవాళ హర్డ్ లాంటి చోట్లనే చూడాలి.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందటి వరకు మన నేల అంటార్కిటికాకు అతుక్కొనే ఉంది. మన తూర్పు కనుమల రాళ్లకు జత రాళ్లు అంటార్కిటికా తూర్పు తీరంలో దొరుకుతాయి. ఆ పాత మహాఖండానికి గోండ్వానా అని పేరు. మన పక్కనే ఉన్న గోండుల పేరు మీద వచ్చిన పేరు అది. ఇండియా విడిపోయి ఉత్తరానికి జరిగిపోయాక తెరుచుకున్న సముద్రంలో కెర్గెలెన్ పీఠభూమి అనే పెద్ద లావా మెట్ట లేచింది. దాని ఎక్కువ భాగం నీళ్ల కిందే ఉంది. పైకి తేలిన కొనలే కెర్గెలెన్, హర్డ్, మెక్‌డోనాల్డ్ దీవులు. మనం వదిలివచ్చిన దారిలో మొలిచిన దీవులన్నమాట.

ఒకే అక్షాంశం, వేరే లోకం

పిల్లలకు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తాను. హర్డ్ దీవి 53 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. ఉత్తరాన అదే 53 డిగ్రీల మీద ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్, కొంచెం పైన ఐర్లండ్‌లో డబ్లిన్ ఉన్నాయి. మన పిల్లలు అక్కడ చదువుతున్నారు, కొలువులు చేస్తున్నారు. అక్కడ పచ్చిక ఉంది, చెట్లున్నాయి, బతుకమ్మ కూడా ఆడుకుంటున్నారు. హర్డ్‌లో మాత్రం ఒక్క చెట్టు లేదు, నేలలో అధిక భాగం మంచే. భూమధ్యరేఖ నుంచి దూరం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?

జవాబు సముద్రంలో ఉంది. బ్రిటన్, ఐర్లండ్‌లకు అట్లాంటిక్ మీదుగా వెచ్చటి నీరు వస్తుంది. హర్డ్ చుట్టూ ఉన్నది అంటార్కిటికా నుంచి వచ్చే చల్లటి నీరు. దక్షిణ సముద్రంలో ఒక గీత ఉంది. అది కంటికి కనబడదు గానీ థర్మామీటర్‌కు తెలుస్తుంది. అక్కడ అంటార్కిటికా చల్లటి నీరు ఉత్తరాది వెచ్చటి నీటి కిందికి దిగిపోతుంది. కొద్ది దూరంలోనే నీటి వేడి రెండు మూడు డిగ్రీలు మారిపోతుంది. హర్డ్ దీవి ఆ గీతకు దక్షిణాన పడింది. ధ్రువానికి అంత దూరంలో ఉండి కూడా ధ్రువపు చలిలో ఉంది.

అట్లాగని అక్కడ సైబీరియాలో లాగా మైనస్ నలభై ఉండదు. నెల సగటు వేడి చలికాలంలో సున్నా దగ్గర, వేసవిలో నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏడాది పొడుగునా తేడా నాలుగు డిగ్రీలే. మన దగ్గర జనవరి సగటుకూ మే సగటుకూ పది డిగ్రీల పైనే తేడా ఉంటుంది. సముద్రం తొందరగా వేడెక్కదు, తొందరగా చల్లబడదు. అది చుట్టూ ఉంటే నేలను కూడా అట్లాగే పట్టి ఉంచుతుంది. డబ్లిన్ జనవరి సగటు ఐదు డిగ్రీలు. అంటే ఐర్లండ్ చలికాలం హర్డ్ వేసవి కంటే కొంచెం నయమే.

గాలి, వాన, మొగులు

భూగోళం పటంలో దక్షిణ అర్ధగోళాన్ని చూడండి. 50, 60 డిగ్రీల మధ్య భూమి చుట్టూ దాదాపు అంతా నీళ్లే. దక్షిణ అమెరికా కొస తప్ప అడ్డం వచ్చే నేల లేదు. పడమటి గాలి భూమిని చుట్టి చుట్టి తిరుగుతుంటే ఆపే కొండ లేదు. ఓడల వాళ్లు ఆ అక్షాంశాలకు పేర్లు పెట్టుకున్నారు: గర్జించే నలభైలు, రౌద్రపు యాభైలు, కేకలు వేసే అరవైలు. హర్డ్ ఉన్నది రౌద్రపు యాభైలలో. అక్కడి సగటు గాలి వేగమే గంటకు 26 నుంచి 33 కిలోమీటర్లు. ఒక్కో ఉధృతిలో 180 దాటిన కొలతలు ఉన్నాయి. మనకు తుపాను అంటే ఏడాదికి ఒకటో రెండో. అక్కడ వాయుగుండాలు ఒకదాని వెనుక ఒకటి రైలు డబ్బాల్లాగా వస్తూనే ఉంటాయి.

అంత గాలికి 2,745 మీటర్ల కొండ ఎదురొస్తే ఏమవుతుంది? గాలి రెండుగా చీలి, కొండ వెనుక సుడులు తిరుగుతుంది. ఒక సుడి కుడికి, ఒకటి ఎడమకు, వరుసగా వందల కిలోమీటర్ల దూరం. ఉపగ్రహం తీసిన ఫొటోల్లో మబ్బుల మీద ఈ సుడుల వరుస జడ అల్లినట్టు కనిపిస్తుంది. దీనికి కార్మాన్ సుడుల వరుస అని పేరు. ఎత్తయిన చిమ్నీలు, వేలాడే వంతెనలు కట్టేటప్పుడు ఇంజినీర్లు భయపడేది ఈ సుడులకే. కుడి ఎడమల లయ కట్టడం లయతో కలిస్తే అది ఊగడం మొదలుపెడుతుంది. కాగితం మీద లెక్క గట్టిన దాన్ని ప్రకృతి అక్కడ కొండంత సైజులో చూపిస్తుంది.

వాన విషయానికి వస్తే, దీవి వాయవ్య మూలనున్న అట్లాస్ కోవ్ దగ్గర ఏడాదికి 1,300 మిల్లీమీటర్ల పైచిలుకు వాన, మంచు కలిసి పడతాయి. పాలమూరుకు ఇంచుమించు 600, నల్లగొండకు 700 దగ్గర. వాళ్లది మనకు రెట్టింపు. కానీ అసలు తేడా పడే తీరులో ఉంది. అక్కడ నాలుగు రోజుల్లో మూడు రోజులు ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది, సన్నగా, ముసురుగా. మనకు గట్టి వాన పడేది ఏడాదిలో నలభై, యాభై రోజులు. అందులో కూడా ఒక్క అల్పపీడనానికి రెండు రోజుల్లో నెల వాన పడి పోతుంది. అందుకే మన పెద్దలు గొలుసుకట్టు చెరువులు కట్టారు. కందూరు చోళుల నాటి పానగల్లు చెరువుకు ఉదయసముద్రం అని పేరు పెట్టుకున్నారు. సముద్రం లేని చోట వాన నీటిని ఆపి దానికే సముద్రం అని పేరు పెట్టుకున్నాం.

హర్డ్‌కు చెరువుల అవసరం లేదు. అక్కడి చెరువు మంచే. పడ్డ మంచు కొండ మీద గట్టిపడి, బరువుకు మెల్లగా కిందికి జారుతుంది. దాన్నే హిమానీనదం అంటాం. 1947లో ఆ మంచు వైశాల్యం సుమారు 290 చదరపు కిలోమీటర్లు. నిండిన నాగార్జునసాగర్ జలాశయం దాదాపు అంతే, 285. సాగర్ నిండు కుండలా ఉన్నప్పుడు గుట్ట మీద నిలబడి చూసినవాళ్లకు ఆ మంచు ఎంతో ఇప్పుడు అంచనా దొరికే ఉంటుంది. 2019 నాటికి అది 225 దగ్గరికి వచ్చింది. నాలుగో వంతుకు కొంచెం తక్కువ కరిగిపోయింది. తూర్పు వైపున్న బ్రౌన్ హిమానీనదం ఒక్కటే 1950 నుంచి 2001 లోపు 1.1 కిలోమీటర్లు వెనక్కి పోయింది. ఆ దీవిలో ఫ్యాక్టరీ లేదు, కారు లేదు, పొయ్యి కూడా లేదు. అయినా వేడి అక్కడికి చేరింది.

ఎవరు పోయారు, ఏం రాసిపెట్టారు

ఒక మాట అడగాలి. మనుషులే లేని చోట 1947లో మంచు ఎంత ఉందో మనకెట్లా తెలుసు?

1853 నవంబర్ 25న బోస్టన్ నుంచి మెల్‌బోర్న్ పోతున్న ఓడ నుంచి కెప్టెన్ జాన్ హర్డ్ ఈ దీవిని చూశాడు. అందుకే ఆ పేరు. 1855 నుంచి పాతికేళ్లు అమెరికా వేటగాళ్లు వచ్చి ఏనుగు సీళ్లను చంపి కొవ్వు కాచి నూనె తీశారు. లక్ష పీపాల నూనె పోయిందని లెక్క. సీళ్లు అయిపోగానే వాళ్లూ పోయారు. పాతికేళ్లు ఉన్నారు గానీ వాన ఎంత పడిందో రోజువారీ లెక్క ఒక్కటీ వాళ్ల నుంచి మనకు రాలేదు.

1947 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా వాళ్లు అట్లాస్ కోవ్‌లో కేంద్రం పెట్టారు. మొదటి ఏడాది దానికి అధికారి ఆబ్రీ గాట్లీ, వాతావరణ శాస్త్రజ్ఞుడు. గుప్పెడు మంది మనుషులు, చెక్క గుడిసెలు, మంచు తుపాన్లు. ఎండైనా మంచైనా వేళకు బయటికి వచ్చి థర్మామీటర్, గాలి వేగం, పీడనం చూసి పుస్తకంలో రాయడమే వాళ్ల కొలువు. 1952 మే నెలలో ఇద్దరు కేంద్రానికి తిరిగి వస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకర్ని అల లాక్కుపోయింది, ఒకరు చలికి చనిపోయారు. 1955 మార్చిలో కేంద్రం మూసేశారు. అదే ఏడాది డిసెంబర్ 10న మన దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు.

ఏడేళ్ల రాత అది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎప్పుడో ఒక ఓడ పోతే తప్ప కొలిచిన వాళ్లు లేరు. 1990లలో మనిషి అక్కర్లేని యంత్రాలు పెట్టారు. వాటి లెక్కలు వచ్చాక పాత పుస్తకం తీశారు. పక్కన పెట్టి చూస్తే వేడి పెరిగినట్టు తేలింది. ఆ ఏడేళ్ల లెక్క లేకపోతే, మంచు తగ్గిందని ఫొటోలు చెప్పేవి గానీ వేడి ఎంత పెరిగిందో చెప్పే దిక్కు ఉండేది కాదు. ఆ చలిలో రోజూ చదివి రాసిన వాళ్లకు తమ రాత అర్ధశతాబ్దం తర్వాత దేనికి పనికొస్తుందో తెలియదు. రాయడం వాళ్ల పని, రాశారు.

ఆ దీవి పేరుతో ఇంకో గొప్ప కొలత కూడా ఉంది. 1991 జనవరిలో ఆ దీవి దగ్గర ఓడ నుంచి నీటి లోపల 57 హెర్ట్జ్‌ల మోత మోగించారు. అక్కడి నుంచి అట్లాంటిక్‌కూ పసిఫిక్‌కూ నేల అడ్డం లేని దారులున్నాయి. మోత సముద్రంలో మూడు గంటలకు పైగా ప్రయాణం చేసి భూమికి అటు పక్కన వినిపించింది. విన్న తొమ్మిది దేశాల్లో మన దేశం ఒకటి. నీరు వేడెక్కితే అందులో శబ్దం వేగం పెరుగుతుంది. కాబట్టి మోత చేరే సమయాన్ని కొలిస్తే సముద్రం ఎంత వేడెక్కిందో చెప్పవచ్చు. అంత పెద్ద సముద్రానికి థర్మామీటర్ పెట్టినట్టు. పిల్లలూ, ఇంజినీరింగ్ అంటే కట్టడం ఒక్కటే కాదు, కొలవడం కూడా.

మన వానకూ ఆ సముద్రానికీ

ఇంతా విని, 'ఇదంతా మనకెందుకు' అని అడిగే హక్కు మీకుంది. మిరుగం వచ్చిందంటే మొగులు వైపు చూసే ప్రాంతం మనది. కాలం అయితే ఇంటి దగ్గర ఉంటాం, కాలం కాకపోతే మూట గట్టుకొని ముంబై, పుణె పోతాం. పాలమూరు కూలీ పేరు దేశమంతా తెలిసింది అందుకే.

ఆ వాన ఎక్కడి నుంచి వస్తుంది? నైరుతి నుంచి అని ఐదో తరగతి పిల్లవాడు చెప్తాడు. నైరుతికి ముందు ఎక్కడిది? దక్షిణ హిందూ మహాసముద్రంలో, 30వ దక్షిణ అక్షాంశం దగ్గర, మడగాస్కర్‌కు తూర్పున గాలి పై నుంచి కిందికి దిగే పెద్ద అధిక పీడన ప్రాంతం ఉంది. మాస్కరీన్ అధిక పీడనం అంటారు. దిగిన గాలికి రెండు దారులు. ఉత్తరం వైపు పోయేది భూమధ్యరేఖ దాటి, భూభ్రమణం వల్ల కుడికి వంగి, ఆఫ్రికా తీరం వెంట ఉరికి, అరేబియా సముద్రం మీద నీరు తాగి, మన నైరుతి రుతుపవనం అవుతుంది. దక్షిణం వైపు పోయేది ఎడమకు వంగి పశ్చిమ పవనాల్లో కలుస్తుంది. హర్డ్ దీవిని కొట్టే గాలి ఆ పశ్చిమ పవనమే. ఒకే ఇంటికి రెండు గుమ్మాలు. ఒకటి మన వైపు తెరుచుకుంటుంది, ఒకటి హర్డ్ వైపు.

హర్డ్‌లో గాలి వీస్తే మనకు వాన పడుతుందని నేను చెప్పడం లేదు. దారిలో పడమటి కనుమలు చాలా వాన దించుకుంటాయి, మనకు మిగిలేది వానచాటు. ఎల్‌నినో ఉంది, బంగాళాఖాతం ఉంది. అయితే దక్షిణాన పశ్చిమ పవనాల పట్టీ ధ్రువం వైపో ఇటు వైపో జరిగితే మాస్కరీన్ పీడనం బలం కూడా మారుతుందని పరిశోధకులు గమనించారు. నూరేళ్ల కిందట రుతుపవనాల అంచనా కోసం గిల్బర్ట్ వాకర్ తీసుకున్న లెక్కల్లో మారిషస్ పీడనం కూడా ఒకటి. మన వానను అర్థం చేసుకోవాలంటే అంత దూరం చూడాలని అప్పుడే తెలుసు.

ఇవాళ ఆ చూపు హైదరాబాద్‌లోనే ఉంది. సముద్రం లేని నగరంలో, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఉంది. ఆర్గో అనే పేరుతో ప్రపంచ సముద్రాల్లో దాదాపు నాలుగు వేల తేలే యంత్రాలు తిరుగుతున్నాయి. ఒక్కొక్కటి రెండు కిలోమీటర్ల లోతుకు మునిగి, పది రోజులకు ఒకసారి పైకి తేలుతూ వేడి, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి చెప్తుంది. హిందూ మహాసముద్రంలో మన దేశం వదిలిన యంత్రాల లెక్కలు చూసేది ఆ కేంద్రమే. మన జిల్లాల పిల్లలు బస్సెక్కి పొద్దున పోయి సాయంత్రం రాగల దూరం. మా సార్లను కోరేది ఏమంటే, ఒకసారి పదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకుపోవాలి.

ఒక ప్రతిపాదన

స్వర్ణోత్సవానికి ఏం చేద్దామని సంఘంలో చర్చ నడుస్తోంది. ఆర్చి కడదామన్నారు, హాలు కడదామన్నారు. కట్టండి, నేను కూడా ఇస్తాను. దాంతో పాటు ఖర్చు చాలా తక్కువైన పని ఒకటి అడుగుతున్నాను.

బడి ఆవరణలో, చెట్లకూ గోడకూ దూరంగా, ఒక వానమాపకం పెడదాం. పక్కన నీడ పెట్టెలో గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటర్. వాతావరణ శాఖ వాళ్ల లాగే రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఒక పిల్లవాడో పిల్లో చదివి రిజిస్టరులో రాయాలి. వారానికి ఒక తరగతి వంతు. సెలవుల్లో బడికి దగ్గరి ఇంటి పిల్లలు చూడాలి. నెల మొదటి రోజు బడి పక్క బావిలో నీరు ఎన్ని అడుగుల లోతున ఉందో టేపు వేసి కొలవాలి. నీరు లోతుకు పోయిన కొద్దీ మన గ్రానైటు రాయిలోని ఫ్లోరైడు ఎక్కువగా నీటిలో కలిసి నల్లగొండ పల్లెల్లో ఎముకలను వంచింది. కాబట్టి బావి లెక్క మనకు చిన్న లెక్క కాదు. ఏడాదికి ఒకసారి ఆ నీటిని పరీక్షకు పంపి, ఆ అంకె కూడా అందులోనే రాయాలి.

మండలానికి ప్రభుత్వ యంత్రం ఉంది కదా, ఇదెందుకు అంటారేమో. మన వాన గట్టు అవతల పడి గట్టు ఇవతల పడదు, ఇది అందరికీ తెలిసిందే. పైగా యంత్రం అంకె ఇస్తుంది, అంకెను అర్థం చేసుకునే బుద్ధి ఇవ్వదు. రోజూ పొద్దున వాన కొలిచి రాసిన పిల్లవాడు 'ఈసారి వాన ఎక్కువ పడ్డది' అని గాలి మాట మాట్లాడడు. ఎన్ని మిల్లీమీటర్లు అని అడుగుతాడు. ఏ కొలువులోకి పోయినా ఆ అలవాటు వానిని కాపాడుతుంది.

ఈ యాభై ఏళ్లలో మన ఆవరణలో ఎంత వాన పడిందో ఎవరైనా చెప్పగలరా? కరువు ఏడు, పెద్దవాన ఏడు అని గుర్తులు ఉన్నాయి, అంకెలు లేవు. ప్రపంచం అంచున, మనిషి బతకలేని దీవిలో ఏడేళ్లు రాసిన లెక్క ఇవాళ లోకానికి సాక్ష్యంగా నిలబడింది. వేల మంది చదివిన బడికి అటువంటి పుస్తకం ఒకటి ఉండాలి.

వానమాపకం, థర్మామీటర్, మొదటి పదేళ్లకు సరిపోయే రిజిస్టర్లు నా తరఫున ఇస్తాను. పెట్టే చోటు మా సార్లు చూపించాలి. వచ్చే మిరుగం నాటికి మొదటి అంకె పడాలి. మరో యాభై ఏళ్లకు శతాబ్ది ఉత్సవం చేసుకునే వాళ్లకు మనం ఇచ్చి పోయేది ఆ పుస్తకం కావాలని కోరుకుంటున్నాను.